తోలు బంతికి మారాక మా పిల్లోళ్లకు పరుగులు రావడం లేదు, ఏం చేయించాలి?

అందరికీ నమస్కారం. మాది అనంతపురం పక్కన పల్లె. సాయంత్రాలు పన్నెండు మంది పిల్లోళ్లకు క్రికెట్ బ్యాటింగ్ నేర్పిస్తున్నాను. కోచింగ్ కోర్సేమీ చేయలేదు, కాలేజీ రోజుల్లో ఆడిన అనుభవమే. 2024లో అనంతపురంలోని ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) మైదానంలో దులీప్ ట్రోఫీ అనే దేశవాళీ టోర్నీ జరిగినప్పుడు వీళ్లను తీసుకెళ్లి చూపించా. అప్పట్నుంచి అందరికీ తోలు బంతే కావాలి.

చిక్కంతా అక్కడే. టెన్నిస్ బంతికి అలవాటుపడిన చేతులు కదా, గుడ్ లెంగ్త్ బంతిని (ముందుకు ఆడాలా వెనక్కి ఆడాలా తేలని చోట పడేది) కూడా అడ్డంగా లాగుతారు. బౌల్డ్, లేదంటే ఎల్బీడబ్ల్యూ. ముఖ్యంగా ఒక పన్నెండేళ్ల పిల్లోడు. నెట్స్‌లో వాడి డ్రైవ్ చూస్తే ముచ్చటేస్తుంది. మ్యాచ్‌లో మాత్రం ఇరవై బంతులు ఆపుకుంటాడు, ఒక్క సింగిల్ రాదు, ఆ టెన్షన్‌లో గాల్లోకి లేపి అవుటవుతాడు. తిట్టి చూశా, ఇంకా బిగుసుకుపోయాడు. తప్పు నాదే.

పదమూడేళ్లలోపు వాళ్లకు 133-144 గ్రాముల బంతి వాడాలి. మా దగ్గరున్నవన్నీ పెద్దోళ్లవి, 156 గ్రాముల పైమాటే. దెబ్బ తగులుతుందన్న భయం కూడా ఉందేమో.

మెత్తగా ఆడి సింగిల్ తీయడం ఎలా నేర్పాలి? కోన్‌లు పెట్టి ఫీల్డర్లు లేని ఖాళీలు చూపిస్తే చాలా, లేక ఫీల్డర్లను నిలబెట్టి ఆడించాలా? బౌలింగ్ మెషీన్ కొనమని మాత్రం చెప్పకండి సార్, మ్యాట్ కొనడానికే చందాలు వేసుకున్నాం.