కాశీలో 9 రాత్రులకు తుండు, మరచెంబు, పిన్నీసులు చాలవా?

ఒంటిసంచి | సోమవారం, రాత్రి 9:40

డిసెంబర్‌లో కాశీ వెళ్తున్నాం. తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలని మా అమ్మ కోరిక. నేను, మా ఆవిడ, అమ్మ, మా అబ్బాయి. సికింద్రాబాద్‌లో దానాపూర్ బండి ఎక్కి మొగల్‌సరాయిలో దిగుతాం (పేరు మారిందని తెలుసు, నాకు అదే అలవాటు). స్లీపర్ టికెట్లు.

ఈసారి నా సామాను మూడున్నర కిలోలు దాటకూడదని పంతం పట్టాను. కనీసం మూడు పనులకు రాని వస్తువు సంచిలోకి రాదు.

తుండు ఒక్కటే. ఒళ్లు తుడుచుకోవడానికి, కట్టుకుని గంగలో మునగడానికి, రైల్లో తలకింద పెట్టుకోవడానికి, పొద్దున చలికి చెవులకు చుట్టుకోవడానికి, ఏదైనా కొంటే మూట కట్టడానికి. పంచె ఒకటి, పగలు గుడికి, రాత్రి కప్పుకోవడానికి. మా తాతగారి ఇత్తడి మరచెంబు. మంచినీళ్లకు, మజ్జిగకు, వచ్చేటప్పుడు గంగ తేవడానికి, వేడినీళ్లు పోస్తే చొక్కా ఇస్త్రీకి. కొబ్బరినూనె సీసా తలకు, పగిలిన పెదాలకు, మడమలకు, మొరాయించే జిప్పుకు. పటిక ముక్క గడ్డం గీసుకున్నాక రాసుకోవడానికి, చంకల్లో వాసనకు, నీళ్లు తేర్చుకోవడానికి. అరడజను పిన్నీసులు. ఒక జత ఒంటిమీద, ఒక జత సంచిలో, స్వెట్టర్ ఒంటిమీదే. మందులు, సబ్బు, పేస్టు లాంటివి లెక్కలో వేయలేదు, అవి ఎలాగూ ఇంట్లోవాళ్లు సర్దుతారు.

ఇంకా తగ్గించొచ్చా? తిట్టేవాళ్లు కారణం చెప్పి తిట్టండి.

పాతరైలు | రాత్రి 9:52

డిసెంబర్‌లో కాశీలో తుండు ఆరదు. కనీసం రెండు పెట్టుకోండి.

ఒంటిసంచి | రాత్రి 9:58

అది సిరిసిల్ల తుండు అండీ, మందపాటి టవల్ కాదు. పలచగా ఉంటుంది, ఫ్యాను కింద రెండు గంటలు చాలు.

చిన్నోడు_99 | రాత్రి 10:03

మైక్రోఫైబర్ టవల్ కొనుక్కో అన్నా, పీడా పోతుంది.

ఒంటిసంచి | రాత్రి 10:05

దాన్ని నడుముకు చుట్టుకుని ఘాటు మెట్లు దిగమంటావా తమ్ముడూ? తలకు చుట్టినా జారిపోతుంది. ఒక పని గొప్పగా చేస్తుందంతే, నా రూలుకు పనికిరాదు.

పాతరైలు | రాత్రి 10:31

డిసెంబర్‌లో ఫ్యాను ఎవరు వేస్తారండీ? గదిలో మీ అమ్మగారు కూడా ఉంటారు కదా.

నేను పదేళ్లు రైళ్లలో తిరిగే ఉద్యోగం చేశాను, అనుభవంతో చెబుతున్నా. ఒకసారి జనవరిలో కాశీ నుంచి తిరుగు ప్రయాణం. తెల్లారుజామున స్నానం చేసి, తడి తుండు పిండి ప్లాస్టిక్ కవర్లో పెట్టి స్టేషన్‌కు వెళ్లా. పొగమంచు. బండి తొమ్మిది గంటలు లేటు అన్నారు, చివరికి పదకొండు గంటలైంది. బండెక్కాక కవరు విప్పితే ఆ వాసన! ఎదురు సీటు పెద్దాయన ఎవరిదో పెరుగన్నం పాడైందనుకుని సంచులన్నీ వెతికాడు. తడి మీద ముక్కిపోయిన తుండు మామూలుగా ఉతికితే బాగుపడదు, ఉడకబెట్టాలి. రైల్లో ఎక్కడ ఉడకబెడతారు? అక్కడ ఎండ పదకొండింటికి గానీ రాదు, వచ్చినా పాలిపోయి ఉంటుంది. మన మే నెల లెక్కలు అక్కడ చెల్లవు.

గోదారి_గట్టు | మంగళవారం, ఉదయం 7:15

మీ ఇద్దరి గొడవ చూసి నిద్ర పట్టక పొద్దున్నే తూచాను. మా వంటింటి త్రాసు మీద పొడి తుండు 165 గ్రాములు. తడిపి, మా ఆవిడ ఒక కొస, నేను ఒక కొస పట్టుకుని పిండాక 300. మందపాటి స్నానం టవల్ పొడిగా 440, పిండాక 950. అంటే తుండులో మిగిలే నీళ్లు 135 గ్రాములు, టవల్లో అర కిలో పైనే. ఒంటిసంచి గారి మాట కొంత నిజం. అయితే మాది రాజమండ్రి, వరండాలో తుండు ఆరడానికి మూడు గంటలు పట్టింది. కాశీ సంగతి పాతరైలు గారికే వదిలేస్తున్నా.

పాతరైలు | ఉదయం 7:40

మూడు గంటలు రాజమండ్రిలో. నేను చెప్పిందీ అదే.

ఒంటిసంచి | ఉదయం 7:44

పాతరైలు గారూ, పిండటానికి ఇద్దరు ఉంటే బాగా ఆరుతుందని కూడా తేలింది, అది మీరు చూడలేదు.

కంచరివీధి | ఉదయం 9:10

తుండు సంగతి దేవుడెరుగు, మరచెంబులో మజ్జిగ మాత్రం పోయకండి బాబూ. ఇత్తడికి పులుపు తగిలితే కిలుము పడుతుంది. మజ్జిగ, చింతపండు పులుసు, నిమ్మకాయ నీళ్లు ఏవీ పనికిరావు. లోపల కళాయి (తగరం పూత) ఉంటే ఫర్వాలేదు. మీ తాతగారి చెంబుకు కళాయి ఎప్పుడు పెట్టించారు? మూత తీసి వేలు పెట్టి లోపల చూడండి. వెండిలా తెల్లగా ఉంటే తగరం ఉన్నట్టు, పచ్చగా ఉంటే పోయినట్టు. మా నాన్న కాలంలో కళాయివాళ్లు వీధిలోకి వచ్చి కేకేసేవాళ్లు. కొలిమి పెట్టి, చెంబు కాల్చి, నవసాగరం చల్లి, తగరం పూసి, గుడ్డతో ఒక్క తిప్పు తిప్పితే లోపలంతా అద్దంలా అయ్యేది. ఇప్పుడు వెతుక్కోవాలి.

పైగా మరచెంబు ముప్పావు కిలో ఉంటుంది. మొత్తం మూడున్నర కిలోల్లో ముప్పావు కిలో ఇత్తడా! స్టీలుది పెట్టుకోండి.

ఒంటిసంచి | ఉదయం 9:25

పచ్చగా ఉంది. మజ్జిగ మానేస్తాను. చెంబు మాత్రం మానను, అది తాతగారిది.

వైద్యంకాదు_అనుభవం | ఉదయం 9:50

పటిక నీళ్లలో మడ్డిని అడుక్కు దించుతుంది గానీ క్రిముల్ని చంపదు. తేటగా కనిపించాయని తాగితే కాశీలో ఘాట్లు చూడరు, గది చూస్తారు. కాచుకుని తాగండి.

విజయవాడ_జంక్షన్ | ఉదయం 10:02

స్లీపర్‌లో మనిషికి 40 కిలోలు ఉచితం. మూడున్నరతో వెళ్తే మిగతా ముప్పైఆరున్నర కిలోలకు డబ్బులు వెనక్కి ఇవ్వరు మరి.

లక్ష్మి_హన్మకొండ | ఉదయం 11:30

రాత్రి నుంచి చదువుతున్నా. తుండు ఆరుతుందా ఆరదా అని ఇంతమంది మాట్లాడారు. మొదటి పోస్టులో ఆఖరి మాట ఒక్కరికీ కనిపించలేదా?

పోయిన ఏడాది అరుణాచలం వెళ్లినం, నాలుగు రోజులు. మా మరిది భుజానికి చిన్న సంచి తగిలించుకుని వచ్చిండు. స్టేషన్‌లో అందరూ మెచ్చుకున్నరు, చూడు ఎంత తేలిగ్గా వచ్చిండో అని. నా సూట్‌కేసు పద్నాలుగు కిలోలు. 'వదినా, ఇల్లు తెచ్చినవా' అని నవ్విండు. మొదటి రాత్రి పేస్టు నాది. పొద్దున సబ్బు నాది. చార్జరు మా ఆయనది. రైల్లో చలేసి దుప్పటి నాది. గిరి ప్రదక్షిణ పద్నాలుగు కిలోమీటర్లు నడిచొచ్చినంక కాళ్లు బొబ్బలెక్కితే దూది, మందు, బట్ట నా సూట్‌కేసులవే. మూడో రోజు మా బాబు సాక్సులు కూడా తొడుక్కున్నడు. ఇంటికొచ్చి ఫోటో పెట్టిండు, 'మూడు కిలోలతో నాలుగు రోజులు' అని. నేను కూడా లైక్ కొట్టిన, ఏం చేస్తం.

ఒంటిసంచి | ఉదయం 11:48

మీ మరిది గారి మీద కోపం నా మీద చూపిస్తే ఎలా అండీ? నేను ఎవరి సాక్సులూ అడగలేదు. ఒక వస్తువును ఎన్ని రకాలుగా వాడొచ్చో అని మొదలుపెట్టాను. ఇది వస్తువుల చర్చ.

లక్ష్మి_హన్మకొండ | ఉదయం 11:55

'అవి ఎలాగూ ఇంట్లోవాళ్లు సర్దుతారు.' మీరు రాసిందే. ఇంట్లోవాళ్లు అంటే ఎవరండీ, మీ అబ్బాయా?

అన్నిటికంటే ఎక్కువ పనులకు వచ్చే వస్తువు మీ లిస్టులో రాయలేదు. ఆమెకు మూడు కాదు, ముప్పై పనులు.

చిన్నోడు_99 | ఉదయం 11:57

అమ్మో.

ఒంటిసంచి | మధ్యాహ్నం 12:20

ఇది అన్యాయం. మా ఇంట్లో ఎవరూ ఎవర్నీ బలవంతం చేయరు. మా ఆవిడే వద్దన్నా సర్దుతుంది. ఇప్పటికే రెండు సూట్‌కేసులు మంచం మీదున్నాయి, ఇంకా ఇరవై రోజులుంది ప్రయాణం. ఆవిడ తక్కువ సర్దుకుంటే నేను కాదంటానా? మాటకు మాట పెంచడం సులువే. ముక్కూ మొహం తెలియని మనిషి సంసారం మీద తీర్పులు చెప్పొద్దు.

పాతరైలు | మధ్యాహ్నం 12:26

అసలు విషయం పక్కకు పోతోంది. తుండు ఒకటా, రెండా?

చున్నీ_చాలు | మధ్యాహ్నం 1:15

నేను ఒంటరిగా తిరుగుతాను, ఏడెనిమిది ఊళ్లు చూశాను. విమానమైతే చేతిలో 7 కిలోలే, అదే నా లెక్క. కాబట్టి నేను ఒంటిసంచి గారి పార్టీ అనుకోవచ్చు, కానీ కాదు.

మీరు తుండు కట్టుకుని నదిలో మునిగి, అదే తుండుతో గదిదాకా నడిచి వస్తారు, ఎవరూ తలెత్తి చూడరు. నేను రాగలనా? నాకు తడిబట్ట మీద కప్పుకోవడానికి ఒకటి, మార్చుకోవడానికి ఒకటి, తలుపు గడియ సరిగ్గా పడని బాత్రూమ్‌లో అడ్డం కట్టుకోవడానికి ఒకటి కావాలి. నా దగ్గర ఉన్నది రెండున్నర మీటర్ల నూలు చున్నీ. బస్సులో కిటికీకి కర్టెన్, గుడిలో తలమీద ముసుగు, లాడ్జి దిండు మీద గలీబు, ఒకసారి తెగిన బ్యాగు పట్టీ. పిన్నీసులు నావి ఎప్పుడూ నాలుగు గాజుకే ఉంటాయి. మా అమ్మకైతే పుస్తెలతాడుకు. ముల్లు దిగినా, హవాయి చెప్పు పట్టీ ఊడినా, లంగాలో బొందు ఎక్కించాలన్నా ఊళ్లో అందరూ ఆమె మెడ దగ్గరికే వచ్చేవాళ్లు. ఆమె దాన్ని మినిమలిజం అనుకోలేదు పాపం.

లక్ష్మక్కా, మీతో కూడా ఒక మాట. పద్నాలుగు కిలోలు ఎందుకు మోశారు? అడగ్గానే దుప్పటి ఎందుకు ఇచ్చారు? ఒక్క రాత్రి చలిలో పడుకుంటే మరుసటి యాత్రకు తనే తెచ్చుకుంటాడు.

లక్ష్మి_హన్మకొండ | మధ్యాహ్నం 1:40

నువ్వు ఒక్కదానివి పోతవు గనక అట్లంటున్నవమ్మా. ఆయనకు జ్వరమొస్తే మా అత్తమ్మ ఎవర్ని అడుగుతది? 'పెద్దదానివి, ఒక దుప్పటి ఎక్కువ పెట్టలేకపోయినవా' అని. సామాను ఎక్కువైతే నవ్వుతరు, తక్కువైతే తిడతరు. నవ్వే నయమని మోస్తున్న.

చున్నీ_చాలు | మధ్యాహ్నం 1:52

అత్తయ్యగారు నాకు తట్టలేదు అక్కా. సారీ.

గోదారి_గట్టు | మధ్యాహ్నం 2:30

పాతకాలంలో మనవాళ్లు చెంబు, తుండు పట్టుకుని కాశీ పోయేవారని ఇలాంటి చోట ఎవరో ఒకరు అంటారు. ఇంకా అనలేదు కాబట్టి ముందే చెబుతున్నా. 'కాశీయాత్ర చరిత్ర' రాసిన ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మేలో చెన్నపట్నం నుంచి బయలుదేరి కాశీ చూసుకుని 1831 సెప్టెంబర్‌లో తిరిగొచ్చారు, పదిహేను నెలల పైన. గుడారాలు, పల్లకీ, వంటవాళ్లు, బోయీలు, మొత్తం మందీ మార్బలం వందమంది దాకా. ఆయన చేతుల్లో మాత్రం బరువేమీ ఉండి ఉండదు.

ఒంటిసంచి | మధ్యాహ్నం 2:34

అంటే నేను పల్లకీ ఎక్కుతున్నానంటారా?

గోదారి_గట్టు | మధ్యాహ్నం 2:36

నేనేమీ అనలేదు. తేదీలు చెప్పానంతే.

కంచరివీధి | సాయంత్రం 4:05

ఆ రోజుల్లో అందరి చెంబులకూ కళాయి ఉండేది.

ఒంటిసంచి | రాత్రి 9:15

పొద్దున కోపంగా రాశాను, లక్ష్మి గారూ. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక మా ఆవిడ సూట్‌కేసు తెరిచి, అందులో నావి ఏమున్నాయో బయటికి తీశాను. నా బీపీ మాత్రలు ఇరవై రోజులవి. నా పేస్టు, నా బ్రష్షు కూడా. ఇస్త్రీ చేసిన నా చొక్కాలు మూడు, నేను అడగలేదు. మఫ్లరు. నాకు నిద్రపట్టదని మా ఇంటి దిండు చిన్నది. రగ్గు. నా ఫోన్ చార్జరు. అన్నీ నా సంచిలోకి మార్చి తూచితే ఆరు కిలోల తొమ్మిది వందలు వచ్చింది.

చొక్కాలు రెండు, దిండు తీసేశాను. అయిదుంపావు. మాత్రలు నా సంచి పక్క జేబులోనే ఉంటాయి, అవి ఎన్ని పనులకు వస్తాయని అడగకండి. ఖాళీ అయిన చోట మా ఆవిడ ఏదైనా తనది పెట్టుకుంటుందనుకున్నా. అమ్మ చాప, మడిచీర, పొడుల డబ్బాలు పట్టాయి.

లక్ష్మి_హన్మకొండ | రాత్రి 9:31

అమ్మగారి సామాను తూచింరా?

ఒంటిసంచి | రాత్రి 9:33

ఆ ధైర్యం లేదండీ.

తుండు మాత్రం ఒక్కటే.

పాతరైలు | రాత్రి 9:34

ఆరదు.