‘తజ్జయాత్’ అంటే ఎవరి జయం?

ప్రశ్న: కావ్యం ఎలా ఉండాలో చెప్పే సంస్కృత గ్రంథం దండి కావ్యాదర్శం. దాని మొదటి పరిచ్ఛేదానికి తెలుగులో తాత్పర్యం రాసుకుంటున్నాను. ఈ శ్లోకం దగ్గర ఆగాను.

వంశవీర్యశ్రుతాదీని వర్ణయిత్వా రిపోరపి
తజ్జయాన్నాయకోత్కర్షవర్ణనం చ ధినోతి నః

‘తజ్జయాత్’కి ‘ఆ శత్రువును జయించడం వల్ల’ అని అర్థం చెబుతారు. ‘ఆ శత్రువు జయం వల్ల’ అని ఎందుకు కాకూడదు? ఈ మధ్య వాచ్‌మెన్ అనే కామిక్స్ చదివాను (మన అపార్ట్‌మెంటు వాచ్‌మన్ కాదు). గెలిచేది విలనే. కానీ మనసులో మిగిలింది ఓడినవాడు. అందుకే ఈ సందేహం.

జవాబు: విగ్రహవాక్యం ‘తస్య జయః’. ఈ షష్ఠి కర్తకూ వస్తుంది, కర్మకూ వస్తుంది. పాణిని ‘కర్తృకర్మణోః కృతి’ అని రెంటికీ ఒకే సూత్రంలో చోటిచ్చాడు. ‘సైంధవవధ’లో చంపింది సైంధవుడు కాదు కదా, ఇక్కడా అంతే. తెలుగు ‘గెలుపు’కి ఈ వెసులుబాటు లేదు. ‘శత్రువు గెలుపు’ అంటే శత్రువు గెలిచినట్టే. రెండో అర్థం కావాలంటే ‘శత్రువు మీద గెలుపు’ అనాల్సిందే.

దండి ఉద్దేశం మాత్రం శత్రువును జయించడమే. దీనికి ముందు శ్లోకంలో, నాయకుడి గుణాలు మొదట చెప్పి, అతని చేత శత్రువుల్ని ఓడించడం సహజంగా అందమైన దారి అన్నాడు. ఇది రెండో దారి. శత్రువు వంశాన్నీ పరాక్రమాన్నీ చదువునూ కూడా వర్ణించి, అంతటివాణ్ణి గెలిచాడని చెబితే అదీ మనకు ఇష్టమే అంటున్నాడు.

అయితే మీరన్న కథకు మాత్రం మీ అర్థమే నప్పుతుంది. అలన్ మూర్ రాసి, డేవ్ గిబ్బన్స్ బొమ్మలు వేసిన ఆ కథ 1986–87లో 12 సంచికలుగా వచ్చింది. అందులో విలన్ ఓజిమాండియస్‌కి దండి అడిగిన శ్రుతం, అంటే చదువు, దండిగా ఉంది, లోకంలోకెల్లా తెలివైనవాడని పేరు. అమెరికా, సోవియట్ యూనియన్ల మధ్య అణుయుద్ధం రాకుండా చేయాలని న్యూయార్క్‌లో లక్షలమందిని చంపేస్తాడు. హీరోలు ఆపడానికి వస్తే, ఆ పని 35 నిమిషాల కిందటే అయిపోయిందంటాడు. పైగా పథకం పారుతుంది. నిజం బయటపడితే మళ్లీ యుద్ధమేనని మిగతావాళ్లు నోరు మూసుకుంటారు. రోర్షాక్ ఒక్కడే ఒప్పుకోడు, ప్రాణం పోగొట్టుకుంటాడు. ఓజిమాండియస్ ఓడిపోయి ఉంటే రోర్షాక్ ఎవరు? మనుషుల వేళ్లు విరిచే ఒక మొరటు మనిషి. శత్రువు గెలవబట్టే అతని మొండితనానికి విలువ వచ్చింది.

మరొకరు: దీనికి కామిక్స్ దాకా ఎందుకండీ, పద్మవ్యూహం లేదూ? ఆ రోజు గెలిచింది కౌరవులే. అభిమన్యుడి పేరు నిలిచిందీ ఆ రోజుతోనే.

జవాబు: నిజమే. కానీ మర్నాడు సైంధవుడి తల తెగుతుంది, లెక్క సరిపోతుంది. 1991 నాటి ఇన్ఫినిటీ గాంట్లెట్ అనే కామిక్స్‌లో విలన్ థానోస్ కథా ఇంతే. మొదటి సంచికలోనే చిటికె వేసి విశ్వంలో సగం ప్రాణుల్ని మాయం చేస్తాడు, ఆరో సంచిక ముగిసేసరికి అంతా వెనక్కి వస్తుంది. అది గెలుపు కాదు, చేబదులు. వాచ్‌మెన్‌లో ఆ మర్నాడు లేదు. రోర్షాక్ డైరీ ఒక పత్రికాఫీసుకి చేరినట్టు చూపించి అక్కడే ఆపేశారు.

ఇంకో సంగతి. 1954లో అమెరికా ప్రచురణకర్తలు తమకు తామే కామిక్స్ కోడ్ అని ఒకటి పెట్టుకున్నారు. ప్రతిసారీ చెడు మీద మంచే గెలవాలి, నేరస్థుడికి శిక్ష పడాలి అని అందులో ఉంది. దండి ‘ధినోతి’ అన్నాడు, అంటే సంతోషపెడుతుంది. వీళ్లు ‘గెలిచి తీరాలి’ అన్నారు. ముగింపు ముందే తెలిసిపోయాక శత్రువు వంశవీర్యాలు ఎంత వర్ణించి ఏం లాభం, టెన్షన్ ఎక్కణ్ణుంచి వస్తుంది? విలన్ నిజంగానే గెలవగలడని ఒక్క కథలో తెలిసినా, మిగతా కథల్లో హీరో గెలుపుకి రుచి పెరుగుతుంది.

అడిగినవారు: మాస్టారూ, మరి ఆ ‘నః’ ఎవరు? కవులా, పాఠకులా?

జవాబు: వ్యాకరణం ‘మనల్ని’ అని ఊరుకుంటుంది. 1988లో బ్యాట్‌మన్ పత్రికవాళ్లు ఆ ‘మనల్ని’ నేరుగా అడిగేశారు. విలన్ జోకర్ దెబ్బకు బ్యాట్‌మన్ సహచరుడు రాబిన్ చావాలా, బతకాలా, ఫోన్ చేసి చెప్పండి అన్నారు. చావాలని 5,343, బతకాలని 5,271. చంపేశారు. ఇక్కడ నాయకోత్కర్ష, అంటే నాయకుడి గొప్పదనం, ఏమీ లేదు లెండి, ఆ రాబిన్ చాలామందికి నచ్చలేదు. విలన్ గెలిచిన ప్రతిచోటా ఓడినవాడు గొప్పవాడు అయిపోడు. అందుకని తాత్పర్యంలో ‘శత్రువును జయించడం వల్ల’ అనే రాయండి. మీ అర్థాన్ని అడుగున చిన్నక్షరాల్లో వేసుకోండి.