ఆఫీసు కోడ్‌కి నీరసం, ఇంట్లో కోడ్‌కి హుషారు... ఎందుకిలా?

బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటాను, ఆరేళ్లుగా జావాలో కోడ్ రాసే ఉద్యోగం. పొద్దున్నే స్టాండప్ మీటింగ్, తర్వాత టికెట్లు (అంటే మాకు అప్పజెప్పిన పనులు), కోడ్‌లో మూడు లైన్లు మారిస్తే ఇద్దరు రివ్యూ చేయాలి, సాయంత్రానికి బుర్ర వేడెక్కిపోతుంది. అదే నేను రాత్రి ఆంధ్రా మెస్‌లో తినొచ్చి, మా అమ్మ చీటీల లెక్క చూసే చిన్న ప్రోగ్రామ్ పైథాన్‌లో రాస్తూ కూర్చుంటే రెండయినా నిద్ర రాదు. రెండూ కోడే కదా?

జవాబు 1:
ఇంట్లో రాసింది నచ్చకపోతే పారేయొచ్చు బ్రో, అసలు సుఖం అదే. ఆఫీసులో నువ్వు రాసింది రేపు ఇంకొకరు చదవాలి, పాత కోడ్ చెడిపోకూడదు, అర్ధరాత్రి సర్వర్ పడిపోతే ఫోన్ నీకే వస్తుంది. రివ్యూలు, టెస్టులు అందుకే, మరీ తిట్టుకోకు.

జవాబు 2:
గైడో వాన్ రోసమ్ ఆ పైథాన్‌ని మొదలుపెట్టిందే 1989 క్రిస్మస్ సెలవుల్లో. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ కూడా తన లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ని ఊరికే హాబీ అనే చెప్పాడు. జనం వాడటం మొదలెట్టాక వాటికీ "ఇక్కడ తప్పుంది" అనే బగ్ రిపోర్టులు తప్పలేదు. అంటే తేడా కోడ్‌లో లేదు, అవతల ఎదురుచూసేవాళ్లు ఉన్నారా లేదా అన్నదే.

జవాబు 3:
నాకైతే ఉల్టా. ఇంట్లో మొదలుపెట్టినవి పదకొండు, పూర్తయినవి సున్నా. డెడ్‌లైన్ లేకపోతే నా చెయ్యి కదలదు.

అడిగినవాడినే:
జవాబు 2 నిజమే అండి. నిన్న అమ్మకి చూపిస్తే, "చీటీ పాట తేదీ కూడా గుర్తుచేసేలా పెట్టరా, ఆదివారంలోపు" అంది.