“వ్యాపారవేత్తగా మారిన మంత్రి”: ఇంతకీ ఎవరు ఏమయ్యారు?

నిన్న గ్రూపులో ఒక అనువాదకురాలు అడిగిన ప్రశ్నకు వివరంగా జవాబు రాద్దామని ఈ పోస్టు పెడుతున్నాను. బల్గేరియా క్రీడల మంత్రిగా పనిచేసిన క్రాసెన్ క్రాలెవ్ గురించి ఆమె ఒక చిన్న పరిచయ వ్యాసం రాశారు. అందులో మొదటి వాక్యం “వ్యాపారవేత్తగా మారిన క్రీడల మంత్రి క్రాలెవ్” అని ఉంది. ఎడిటర్ దాని కింద గీత గీసి తిప్పి పంపారట. తప్పెక్కడుందని ఆమె అడిగితే, “ఎలా రాసినా అర్థమైపోతుందిలెండి” అని చాలామంది సర్దిచెప్పారు. నాకు మాత్రం ఎడిటర్ గారిదే న్యాయం అనిపిస్తోంది.

ఇంగ్లీషులో ‘బిజినెస్‌మన్ టర్న్‌డ్ మినిస్టర్’ అంటే పాత పని ముందు, కొత్త పని చివర వస్తాయి. ఆ వరస చెదరకుండా మాటకు మాట పెట్టుకుంటూ పోతే మన వాక్యం తిరగబడుతుంది. తెలుగులో ‘మారిన’ అనే క్రియాజన్య విశేషణం తన తరవాతి నామవాచకాన్ని పట్టుకుంటుంది. మారింది ఆ నామవాచకమే. అది దేనిగా మారిందో ఆ మాట ‘గా’ తగిలించుకుని ముందే వచ్చేస్తుంది. ‘పెరుగుగా మారిన పాలు’ అంటాం గానీ ‘పాలుగా మారిన పెరుగు’ అనం కదా. ‘వ్యాపారవేత్తగా మారిన మంత్రి’ అంటే మొదట మంత్రిగా చేసి, పదవి పోయాక వ్యాపారంలో దిగినాయన. క్రాలెవ్ జీవితం దీనికి సరిగ్గా ఎదురు దిక్కులో నడిచింది.

అర్థమైపోతుంది అన్నవాళ్లు ఒక్క సంగతి ఆలోచించాలి. ఎన్టీఆర్‌ను ఎవరైనా ‘నటుడిగా మారిన ముఖ్యమంత్రి’ అని రాస్తే మనం అక్కడికక్కడే పట్టుకుంటాం. ఆయన 1982లో పార్టీ పెట్టారని, 1983లో ముఖ్యమంత్రి అయ్యారని, అంతకుముందు మూడు దశాబ్దాలు తెర మీద ఉన్నారని మనకు తెలుసు. వాక్యం తప్పినా మన జ్ఞాపకం సరిదిద్దుకుంటుంది. క్రాలెవ్ గురించి తెలుగు పాఠకుడికి అలాంటి జ్ఞాపకం ఏదీ లేదు. అతని చేతిలో ఉన్నది మనం రాసిన వాక్యం ఒక్కటే. అందులో ముందువెనకలు తారుమారైతే ఒక మనిషి జీవితమే తారుమారై అతనికి చేరుతుంది. అందుకే తెలియని దేశం గురించి రాసేటప్పుడు వ్యాకరణం దగ్గర మరింత పట్టుదలగా ఉండాలంటాను.

అసలు కథ వరస ఇదీ. క్రాలెవ్ నల్ల సముద్రం ఒడ్డునున్న వర్నా నగరానికి చెందిన వ్యాపారి. అక్కడి చెర్నో మోరె ఫుట్‌బాల్ క్లబ్బుకు అధ్యక్షుడిగా కూడా చేశారు. (చెర్నో మోరె అంటే నల్ల సముద్రమే.) 2014 నవంబరులో బోయ్కో బోరిసోవ్ ప్రభుత్వంలో యువజన, క్రీడల మంత్రి అయ్యారు. 2017 జనవరిలో ఆ ప్రభుత్వం దిగిపోయింది. మళ్లీ మే నెలలో బోరిసోవ్ ప్రధాని కాగానే ఈయన అదే శాఖకు తిరిగొచ్చి, 2021 మే దాకా ఉన్నారు.

ఇదంతా ఒక్క విశేషణంలో కుక్కడం ఎందుకు? ‘మంత్రిగా మారిన వ్యాపారవేత్త’ అంటే వ్యాకరణం ప్రకారం సరే. ‘మంత్రి అయిన వ్యాపారవేత్త’ అంటే మాత్రం ‘మంత్రి కూడా అయినటువంటి’ అనే అర్థం తొంగిచూస్తుంది, పదవిలో ఉంటూనే వ్యాపారం చేస్తున్నట్టు. నేనైతే రెండు వాక్యాలు చేస్తాను: “క్రాలెవ్ మొదట వ్యాపారి. 2014లో క్రీడల మంత్రి పదవి చేపట్టారు.” ఎవరికీ అనుమానం రాదు. ‘వ్యాపారవేత్త’ అనాలా ‘వ్యాపారి’ అనాలా అంటే రెండూ చెల్లుతాయి. ‘పారిశ్రామికవేత్త’ మాత్రం ఫ్యాక్టరీ ఉంటేనే వాడండి.

ఆ వ్యాసంలోనే ఇంకో క్రియ నాకు గట్టిగా గుచ్చుకుంది. 2019 అక్టోబరు 14న బల్గేరియా రాజధాని సోఫియాలో ఇంగ్లండ్‌తో యూరో ఫుట్‌బాల్ అర్హత పోటీ జరిగింది. స్టాండ్స్‌లోంచి జాత్యహంకార కేకలు రావడంతో మొదటి సగంలోనే ఆటను రెండుసార్లు ఆపారు. బల్గేరియా 0–6తో ఓడింది. మర్నాడే ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షుడు బోరిస్లావ్ మిహాయ్లోవ్ దిగిపోయారు. దీన్ని ఆమె “మంత్రి అధ్యక్షుణ్ణి తొలగించారు” అని రాశారు. తొలగించే అధికారం మంత్రికి లేదు. ఫుట్‌బాల్ సంఘాల్లో ప్రభుత్వం వేలు పెట్టకూడదన్నది ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా నియమం. జరిగిందేమిటంటే, రాజీనామా చేయమని ప్రధాని బోరిసోవ్ బాహాటంగా అడిగారు. మిహాయ్లోవ్ రాజీనామా చేసేదాకా సంఘంతో, డబ్బు వ్యవహారాలతో సహా, తెగతెంపులు చేసుకోమని ప్రధాని తనను ఆదేశించినట్టు క్రాలెవ్ ప్రకటించారు. ఆ రోజే మిహాయ్లోవ్ రాజీనామా చేశారు. ‘తొలగించారు’కీ ‘రాజీనామా చేసేలా ఒత్తిడి తెచ్చారు’కీ మధ్య చట్టపరంగా ఎంతో దూరం ఉంది. 2015లో పదకొండు మంది వెయిట్‌లిఫ్టర్లు డోపింగ్‌లో దొరికాక బల్గేరియా జట్టు రియో ఒలింపిక్స్‌కు దూరమైంది. అక్కడా వేటు వేసింది అంతర్జాతీయ వెయిట్‌లిఫ్టింగ్ సమాఖ్యే, మంత్రి కాదు. కర్త ఎవరో చూసుకుని క్రియ రాయాలి.

అన్నట్టు ఈ మిహాయ్లోవ్ 1994 ప్రపంచ కప్‌లో నాలుగో స్థానం సాధించిన బల్గేరియా జట్టుకు గోల్‌కీపర్, కెప్టెన్. ఆయన్ని ‘గోల్‌కీపర్‌గా మారిన అధ్యక్షుడు’ అని రాయకండి, దయచేసి.

పేరు ఎలా రాయాలని అడిగిన మాస్టారికి: బల్గేరియన్ భాషలో మనలాగా హ్రస్వ దీర్ఘ భేదం లేదు. ఊనిక పడిన (అంటే నొక్కి పలికిన) అచ్చు మన చెవికి కాస్త సాగినట్టు వినిపిస్తుంది. అందుకే ‘క్రలేవ్’ కన్నా ‘క్రాలెవ్’ దగ్గరగా ఉంటుంది. ఇంకో జాగ్రత్త, ఆడవాళ్లకు ఇంటిపేరు చివర ‘ఆ’ చేరుతుంది. 1993లో పారిస్‌లో ఫ్రాన్స్ మీద రెండు గోల్స్ కొట్టినాయన ఎమిల్ కొస్తదినోవ్. 1987లో రోమ్‌లో 2.09 మీటర్ల హైజంప్ రికార్డు పెట్టినావిడ స్తెఫ్కా కొస్తదినోవా. ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు. ఆ చివరి దీర్ఘాన్ని అచ్చుతప్పు అనుకుని కొట్టేయకండి.