అప్‌డేట్: యుద్ధఖైదీల పలాయనం – సినిమాలో నిజమెంత?

రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ల శిబిరం నుంచి మిత్రరాజ్యాల వైమానికదళ ఖైదీలు తప్పించుకున్న ఘటనపై తీసిన ‘ద గ్రేట్ ఎస్కేప్’ సినిమాలో ఎంత నిజముందని, మన సైనికులెవరైనా అలా తప్పించుకున్నారా అని ఇదివరకు అడిగాను. గుంటూరులో పదో తరగతికి సాంఘికశాస్త్రం చెబుతున్నాను కనుక, మీరు సూచించినవన్నీ చదివాకే ఈ అప్‌డేట్ రాస్తున్నాను.

మోటారుసైకిల్‌తో ముళ్లకంచె దూకడం పూర్తిగా కల్పితం. సొరంగం మాత్రం నిజం. మంచాల చెక్కలతో గోడలు నిలబెట్టి, పాలపొడి డబ్బాలను ఒకదానికొకటి అతికించి గాలిగొట్టంగా మలిచి, తవ్విన ఇసుకను ప్యాంటు లోపల వేలాడే సంచుల్లో మోసుకెళ్లి ఆవరణలో చల్లేవారు. 1944 మార్చి 24 రాత్రి 76 మంది బయటపడ్డారు. ముగ్గురే గమ్యం చేరారు. పట్టుబడిన 73 మందిలో 50 మందిని హిట్లర్ ఆదేశంపై కాల్చి చంపారు. పిల్లలకు ఈ భాగం దాచకుండా చెప్పాలని నా అభిప్రాయం.

రెండో ప్రశ్నకు దొరికిన జవాబు నన్ను మరింత కదిలించింది. 1971 యుద్ధంలో బందీలైన మన వైమానికదళ అధికారులు దిలీప్ పారూల్కర్, మల్విందర్ సింగ్ గరేవాల్, హరీశ్ సింహ్‌జీ 1972 ఆగస్టులో రావల్పిండి శిబిరం గోడకు కన్నం వేసి, వాన కురుస్తున్న రాత్రి బయటపడ్డారు. పెషావర్ మీదుగా అఫ్ఘాన్ సరిహద్దుకు చేరువలోని లండీ కోటల్ దాకా వెళ్లగలిగారు. అక్కడ లండీ ఖానాకు దారి అడగడమే అనుమానానికి తావిచ్చింది, ఎందుకంటే ఆ రైల్వేస్టేషన్ బ్రిటిషువారి కాలంలోనే మూతపడింది. పట్టుబడిన ముగ్గురూ తక్కిన యుద్ధఖైదీలతో పాటు ఆ ఏడాది డిసెంబరులో స్వదేశం చేరుకున్నారు. మా తరగతిలో ముందుగా ఈ కథే చెప్పబోతున్నాను.