అప్‌డేట్: ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఉపనది ప్రవాహ దిశ

ఎవరైనా గీసి సవరించగల ఉచిత ఆన్‌లైన్ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఒక ఉపనదిని పలువురు ముక్కలు ముక్కలుగా గీయడంతో, గీతల దిశను చూపే బాణాల్లో కొన్ని ఎగువకూ కొన్ని దిగువకూ చూపుతున్నాయని, ప్రవాహ దిశకు ప్రత్యేక ట్యాగు (గీతకు జోడించే వివరం) ఉందా అని ఇంతకుముందు అడిగాను. మీ సమాధానాల ఆధారంగా సవరణలు చాలావరకు పూర్తయ్యాయి.

ట్యాగు అక్కరలేదు, గీతలోని బిందువుల వరుసే దిశను చెబుతుంది కనుక ఎగువ నుంచి దిగువకు గీస్తే చాలు. చిక్కంతా అసలు దిశను నిర్ధారించడంలోనే ఉంది. 2000లో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో సేకరించిన ఎస్‌ఆర్‌టీఎం ఎత్తుల వివరాలు కొండ ప్రాంతంలో చక్కగా పనికివచ్చాయి గాని, వాలు అంతంతమాత్రంగా ఉన్న మైదానంలో, అందునా దట్టమైన చెట్ల వల్ల నేల ఎత్తు ఎక్కువగా నమోదయ్యే చోట, వాటిని నమ్మి బాణం తిప్పడం నాకు సాహసమే అనిపించింది. అక్కడ ఉపగ్రహ చిత్రాలనే ఆశ్రయించాను: వాగులు సాధారణంగా దిగువకు మొన చూపుతూ నదిలో కలుస్తాయి, ఆనకట్టకు ఎగువన నీరు వెడల్పుగా నిలుస్తుంది. ఈ రెండూ ఏకీభవించిన చోటే గీతను తిప్పాను.

సంగమాల వద్ద రెండు గీతలకూ ఉమ్మడి బిందువు లేకపోతే, దిశ సరిగానే ఉన్నా ప్రవాహ జాలం తెగిపోతుంది, అలాంటివన్నీ కలిపాను. ఆటుపోట్లు తగిలే చివరి భాగాన్ని సముద్రం వైపే ఉంచి, ఆ సంగతి తెలిపే ట్యాగు చేర్చాను.

మిగిలింది రెండు పాయలను కలిపే అడ్డకాలువ ఒక్కటే. స్థానికంగా చూసినవారు చెప్పేవరకు దానిని ముట్టుకోను.