ఫంక్, సోల్, లౌంజ్: ఈ పిచ్చి మీకెక్కడ అంటుకుంది? (నా రికార్డులకో జబ్బు కూడా ఉంది)

కొత్తసూది:

నమస్తే అందరికీ. ఈ దారిలో నాది ఎనిమిది నెలల వయసు. అంతకుముందు హిప్‌హాప్ తప్ప ఇంకోటి విన్న పాపాన పోలేదు. ఏ పాట విన్నా అదే డ్రమ్ముల ముక్క తగులుతోందేంటని వెతికితే ఫంక్ (తాళమే ప్రాణంగా నడిచే నృత్య సంగీతం) గాయకుడు జేమ్స్ బ్రౌన్ ‘ఫంకీ డ్రమ్మర్’ దగ్గర తేలాను. పూర్తి నిడివి పాట పెట్టుకుని కూర్చుంటే ఆ ముక్క ఎంతకీ రాదు. ఐదు నిమిషాలు దాటాక బ్యాండంతా ఆగిపోయి డ్రమ్ములొక్కటే మిగిలాయి. ఒళ్లు జలదరించింది. ఆ వారంలోనే పాత టర్న్‌టేబుల్ ఒకటి, ఆరు ఎల్పీలు (వైపుకి చాలా పాటలు పట్టే పెద్ద రికార్డులు) కొనేశాను. నాలుగు సోల్ (చర్చి పాటల ఛాయలున్న నల్లజాతి అమెరికన్ల పాటలు), ఒకటి లౌంజ్ (బార్లలో, హోటళ్లలో వినిపించే తేలికపాటి సంగీతం), ఒకటి ఆర్గాన్ ఉన్న జాజ్.

ఇప్పుడు సమస్య. ప్రతి వైపూ మొదటి పాట తేనెలా ఉంటుంది. చివరి పాటకొచ్చేసరికి గొంతులో ‘స’, ‘ష’ వచ్చిన చోటల్లా ఉమ్మినట్టు వినిపిస్తోంది. ట్రంపెట్ వస్తే కాగితం చింపినట్టుంది. ఆరింటికీ ఇదే వరస. రికార్డులు పోయాయా, సూది పోయిందా? పనిలో పనిగా మీరంతా ఈ సంగీతంలోకి ఎలా వచ్చారో కూడా చెప్పండి.

ఒకటోదెబ్బ:

సూది మార్చి చూడు తమ్ముడూ. పాత మెషీన్‌తో వచ్చిన సూది ఎన్ని గంటలు తిరిగిందో ఎవరికి తెలుసు. మంచి సూదికే ఐదొందల నుంచి వెయ్యి గంటలు అనుకుంటాం.

ఇక నువ్వు విన్న ఆ డ్రమ్మర్ క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్. 1969 నవంబరులో సిన్సినాటిలో వాయించాడు. ఆ కొద్ది సెకన్లను కత్తిరించి అతికించుకున్న పాటలకు లెక్కే లేదు. పాట రాసినవాడిగా అతని పేరు లేదు కాబట్టి ఆ వాడకం మీద రాయల్టీ మాత్రం రాలేదు. నాకది ఇప్పటికీ మింగుడు పడదు.

నేనెలా వచ్చానంటే, 1967 నాటి ‘కోల్డ్ స్వెట్’ విని. మొదటిసారి అర్థం కాలేదు, పాట ఎక్కడికీ వెళ్లట్లేదనిపించింది. తర్వాత ఒకాయన ఓ చిట్కా చెప్పాడు: నాలుగు అంకెలు లెక్కపెడుతూ విను, రెండుకీ నాలుగుకీ చప్పట్లు కొట్టే అలవాటు మానేసి ఒకటి మీద కాలు గట్టిగా వెయ్యి. అంతే. గిటార్, బాస్, బాకాలు అన్నీ ఎవరి తోవన వాళ్లు పోతున్నట్టుండి, ఒకటి దగ్గరికొచ్చేసరికి అందరూ కలిసి దిగుతారు. మధ్యలో ఎవరెంత అల్లరి చేసినా ఫరవాలేదు. గిటార్ కూడా తాళవాద్యమే అనుకుని వింటే ఫంక్ సగం అర్థమైనట్టే. ఆ తర్వాత న్యూ ఆర్లీన్స్ వాళ్లు, ద మీటర్స్‌ని వినండి. నలుగురే నలుగురు. 1969 నాటి ‘సిస్సీ స్ట్రట్’లో వాళ్లు వాయించకుండా వదిలేసిన జాగాల్లోనే నాకు నడుము ఊగుతుంది.

లౌంజ్ మాత్రం నాకెక్కదు. లిఫ్టులో వినిపించే సంగీతం.

అర్ధరాత్రి_లౌంజ్:

ఒకటోదెబ్బ అన్నా, ఆ మాట పడ్డవాళ్లలో నేను వందో వాణ్ని, నాకలవాటే. లౌంజ్ పియానిస్టు మార్టిన్ డెన్నీ బృందం హవాయిలో ఓ హోటల్ బార్‌లో వాయించేది. పక్కనే నీటి మడుగు. పాట మొదలవగానే కప్పలు బెకబెకమనేవి, ఆపగానే అవీ ఆపేవి. బృందంలో వాళ్లు సరదాకి పక్షుల కూతలు అందుకున్నారు. మర్నాడు ఒకాయన వచ్చి, నిన్నటి కప్పల పాట మళ్లీ వాయించమన్నాడట. అలా కప్పలు, పక్షులు రికార్డులోకే ఎక్కాయి. లెస్ బాక్స్టర్ కట్టిన ‘క్వైట్ విలేజ్’ని వీళ్లు వాయిస్తే 1959లో అమెరికా అంతా మోగింది. ఇంత చిలిపితనం ఏ లిఫ్టులో ఉందో చెప్పండి.

నేను అక్కడి నుంచి వైబ్రఫోన్ (లోహపు పలకల మీద కొట్టి వాయించే వాద్యం) పట్టుకుని బయల్దేరి, రాయ్ అయర్స్ దగ్గరికి చేరాను. 1976 నాటి ‘ఎవ్రీబడీ లవ్స్ ద సన్‌షైన్’ వినండి, లౌంజ్ ఎక్కడ ఆగిందో సోల్ ఎక్కడ మొదలైందో గీత గీసి చూపించండి చూద్దాం.

ఇంకో గని ఉంది, లైబ్రరీ మ్యూజిక్. లండన్‌లో కేపీఎం, డి వోల్ఫ్ లాంటి సంస్థలు టీవీకీ సినిమాకీ రేడియోకీ వాడుకోవడానికని ముందే సంగీతం చేయించి రికార్డులు ఒత్తించేవి. దుకాణాల్లో అమ్మేవి కావు. కేపీఎం వాటిలో చాలావాటికి ఒకే ఆకుపచ్చ కవరు, బొమ్మా గిమ్మా ఉండదు. లోపల మాత్రం నిప్పులాంటి బాస్ లైన్లు. వార్తల కింద వినిపించాల్సిన ముక్కకి ఎవరంత కష్టపడమన్నారో!

వెనకట్ట:

నాకు పాటలకన్నా ముందు కవర్ల పిచ్చి. మొదటి ఏడాది అట్ట చూసి కొన్నాను. పెద్ద అద్దాలు, పెద్ద జుట్టు, వెనకాల సూర్యాస్తమయం ఉంటే చాలు, సంచిలో పడేది. ఇంటికొచ్చి పెడితే చప్పిడి పాటలు. పైన పటారం, లోన లొటారం. అలాంటివి ముప్ఫై దాకా పోగయ్యాయి.

ఒకసారి వాటిలో బాగున్నవి నాలుగే తేలితే, వాటినే పక్కపక్కన పెట్టి వెనక అట్ట చదివాను. పాడినవాళ్లు వేరు, కంపెనీలు వేరు. కింద చిన్న అక్షరాల్లో డ్రమ్మర్ పేరు మాత్రం రెండింటి మీద ఒకటే: ఇద్రిస్ మహమ్మద్. తీగ లాగితే డొంకంతా కదిలింది. అప్పటినుంచి ముందు అట్ట చూడటమే మానేశాను, అందుకే ఈ పేరు పెట్టుకున్నా.

ఇక్కడో తమాషా. శాక్సాఫోన్ వాయించే లూ డొనాల్డ్‌సన్ 1967 నాటి ‘అలిగేటర్ బూగలూ’ నాకు ప్రాణం. గిటార్ జార్జ్ బెన్సన్, ఆర్గాన్ లోనీ స్మిత్. డ్రమ్ములు లియో మోరిస్ అని ఉంటుంది. ఈ లియో మోరిస్ ఎవరా, ఇంకేం వాయించాడా అని చాలాకాలం వెతికాను. చివరికి తెలిసిందేంటంటే, లియో మోరిస్, ఇద్రిస్ మహమ్మద్ ఇద్దరూ ఒకరే! తర్వాత మతం మారి పేరు మార్చుకున్నాడు. నా అరలో ఒకే మనిషిని రెండు చోట్ల పెట్టుకుని వెతుక్కున్నానన్నమాట.

అసలు పేర్లే వెయ్యని రికార్డులు ఇంకెన్నో. డెట్రాయిట్‌లో మోటౌన్ రికార్డు కంపెనీ హిట్ల వెనక ఉన్న వాద్యబృందం ఫంక్ బ్రదర్స్‌ని ఏళ్లపాటు కవర్ల మీద ఎక్కించలేదు. 1971లో మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ ఎల్పీ మీదే వాళ్ల పేర్లు సరిగ్గా పడ్డాయి. ఆ బాస్ జేమ్స్ జేమర్‌సన్‌ది. తీగల్ని ఒక్క చూపుడు వేలితో మీటేవాడు. ఒక్క వేలు! ఇది తెలిశాక ఆ పాట మళ్లీ వినండి.

నలభైఐదు:

ఎల్పీలు వినేవాళ్లకే ఈ చివరి పాట గోల. మాకు, అంటే 45 ఆర్‌పీఎం (నిమిషానికి 45 చుట్లు) చిన్న రికార్డుల వాళ్లకి, వైపుకి ఒకటే పాట.

తమ్ముడూ, లెక్క చెప్తా విను. ఎల్పీ నిమిషానికి 33⅓ సార్లు తిరుగుతుంది, బయట అంచున గాడి సూది కింద సెకనుకి 51 సెంటీమీటర్ల దాకా పోతుంది. లేబుల్ దగ్గరికొచ్చేసరికి 21. పట్టాల్సిన సంగీతం మాత్రం అంతే. అంటే అదే ‘స’ శబ్దాన్ని సగం కన్నా తక్కువ చోటులో కుక్కి రాస్తారు. అక్కడ సూది ఏ కాస్త వంకరగా ఉన్నా బయటపడిపోతుంది. కాబట్టి ఇది కొంత పుట్టుకతో వచ్చిన జబ్బే. కానీ ఆరింటికి ఆరూ అంటున్నావు, అనుమానం మెషీన్ మీదే.

నేను వచ్చింది నార్తర్న్ సోల్ వైపు నుంచి. ఇంగ్లండ్ ఉత్తరాన డ్యాన్స్ హాళ్లలో అమెరికాలో ఎవరూ కొనని అరవైల నాటి సోల్ రికార్డులకు తెల్లవార్లూ చిందులేసేవాళ్లు. వాటిలో విగన్ కాసినో అనే హాలు 1973 నుంచి 1981 దాకా నడిచింది. అక్కడి డీజేలు మంచి రికార్డు దొరికితే లేబుల్ మీద కాగితం అంటించి దొంగ పేరు చెప్పేవాళ్లు, పక్కవాడు వెతుక్కోకుండా. మనలో మాట, ఆ బుద్ధి నాకూ కొంచెం ఉంది.

ఒక జాగ్రత్త. అరవైల నాటి అమెరికా 45లు చాలావాటిని వినైల్‌తో కాక పాలీస్టైరీన్‌తో చేశారు. గోటితో అంచు తడితే చప్పుడు పలచగా, ప్లాస్టిక్ మూతలా వస్తుంది. లేబుల్ అంటించినట్టుంటుంది. అవి తొందరగా అరుగుతాయి. చూడ్డానికి అద్దంలా మెరుస్తాయి, పెడితే ఇసుక పోసినట్టు మోగుతాయి. నాలుగు అలా పోయాక గానీ నాకు బుద్ధి రాలేదు.

హామండ్‌పిచ్చి:

నలభైఐదు చెప్పింది కరెక్ట్. తమ్ముడూ, కార్ట్రిడ్జ్‌ని (సూది ఉండే చిన్న డబ్బా) పైనుంచి ఫోటో తీసి చూడు. అది హెడ్‌షెల్‌లో (దాన్ని మరలతో బిగించే పట్టు) ఎంత ముందుకుంది, ఎంత వెనక్కుంది? టోన్ఆర్మ్ (సూదిని మోసే చెయ్యి) రికార్డు మీద మోపే బరువు ఎంత పెట్టావు?

అది చెప్పేలోగా నా సోది. జిమ్మీ స్మిత్ వాయించిన హామండ్ బి3 (కరెంటు ఆర్గాన్) వింటూ, బాస్ వాయించేదెవరా అని కవరు తిప్పి చూస్తే బాసిస్టే లేడు. కుడి చేతికి పాట, ఎడమ చేతికీ కాళ్లకీ బాస్. ఆ రోజు నుంచి ఆర్గాన్ ఉన్న రికార్డేదీ వదల్లేదు.

కొనేటప్పుడు నేను చూసేది లేబుల్ చుట్టూ ఉండే ఖాళీ జాగా. లైటుకి ఏటవాలుగా పట్టుకుంటే గీకిన అంకెలు కనిపిస్తాయి. పాత బ్లూ నోట్ (జాజ్ రికార్డుల కంపెనీ) అయితే రికార్డింగ్ ఇంజనీర్ రూడీ వాన్ గెల్డర్ ముద్ర ఉందా అని చూస్తా. 1966కి ముందు ప్లాస్టిలైట్ ఫ్యాక్టరీలో ఒత్తినవాటికి ఇంకో చిన్న గుర్తుంటుంది, కొందరు దాన్ని చెవి అంటారు. ఇంకోటి, అమ్మేవాళ్లు ‘గుడ్’ అని రాస్తే గుడ్ అనుకోకండి. ఈ వ్యాపారంలో గుడ్ అంటే గీతలు, చిటపటలు ఖాయమని. ‘వెరీ గుడ్ ప్లస్’ నుంచి మొదలుపెట్టండి.

కొత్తసూది:

బరువు 1.2 గ్రాములు పెట్టాను అన్నా, తేలిగ్గా ఉంటే రికార్డుకి మంచిదని. కార్ట్రిడ్జ్ బాగా వెనక్కి తోసేసి ఉంది. ముందటివాళ్లు బిగించినట్టే వదిలేశా.

హామండ్‌పిచ్చి:

దొరికింది దొంగ. రెండు తప్పులు. మొదటిది, బరువు తక్కువైతే సూది గాడిలో కుదురుగా కూర్చోక అటూ ఇటూ కొట్టుకుంటుంది, అరుగుదల అప్పుడే ఎక్కువ. కార్ట్రిడ్జ్ కంపెనీ చెప్పిన హద్దుల్లో పై అంచుకి దగ్గరగా పెట్టు, చాలావాటికి ఒకటిన్నర రెండు గ్రాముల మధ్య వస్తుంది.

రెండోది, కాగితం ప్రొట్రాక్టర్ (కార్ట్రిడ్జ్ కోణం సరిచూసే పటం) ఒకటి కొలత చెడకుండా ప్రింట్ తీసుకో. రికార్డు మధ్య నుంచి సుమారు 66 మిల్లీమీటర్ల దగ్గర ఒక చుక్క, 121 దగ్గర ఒకటి ఉంటాయి. సూది మొన ఆ చుక్కల మీద ఆనినప్పుడు కార్ట్రిడ్జ్ పక్కలు గీతలకి సమాంతరంగా ఉండాలి, రెండు చోట్లా. మరలు వదులు చేసి వెంట్రుకవాసి చొప్పున జరుపు. సూది తొడుగు తీసేముందు ఊపిరి బిగబట్టు, నేనొకటి అలాగే విరగ్గొట్టుకున్నా.

అర్ధరాత్రి_లౌంజ్:

మరలు ముట్టుకునే ముందు రికార్డులు కడిగారా? డిస్టిల్డ్ వాటర్, మెత్తటి బ్రష్ చాలు. ఒక మాట చెప్పాలి, ఆల్కహాల్ కలిపిన నీళ్లతో ఒక పాత 78ని (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు రికార్డు) తుడిచాను. అది వినైల్ కాదు, లక్క. కళ్లముందే కరిగి మసకబారింది. ఇంకోసారి ఆ ద్రావణం జోలికెళ్లలేదు.

ఒకటోదెబ్బ:

మీరంతా ఇలా భయపెడితే పిల్లాడు స్ట్రీమింగ్‌కి పారిపోతాడు.

కొత్తసూది:

పారిపోలేదు అన్నా. నిన్న రాత్రి మూడు గంటలు కుస్తీ పట్టాను. కార్ట్రిడ్జ్ దాదాపు మూడు మిల్లీమీటర్లు ముందుకి రావాల్సి వచ్చింది. బరువు 1.8. ఐదు రికార్డులు బాగుపడ్డాయి. ఒక సోల్ ఎల్పీ చివరి పాటలో గొంతు వెనక టాంబొరిన్ ఉందని నాకు ఇప్పుడే తెలిసింది, ఇన్నాళ్లూ అది చిటపట అనుకున్నా! లౌంజ్ రికార్డు కూడా ఈసారి రెండు వైపులా విన్నాను, ఒకటోదెబ్బ అన్నకి చెప్పకండి.

ఆరోది మాత్రం అలాగే ఉంది. చివరి పాటలో శాక్సాఫోన్ ఇప్పటికీ చిరుగుతోంది.

హామండ్‌పిచ్చి:

అయితే అది నీ తప్పు కాదు. నీ కన్నా ముందున్నవాళ్లు అరిగిన సూదితో దున్నేసి ఉంటారు. గాడి గోడ చెక్కుకుపోతే కడిగినా రాదు, సర్దినా రాదు.

వెనకట్ట:

ఏ రికార్డు అది? ఆర్గాన్ ఉన్న జాజా?

కొత్తసూది:

అదేనండీ. మీరు రాసింది చదివాక అట్ట వెనక్కి తిప్పి చూశాను. డ్రమ్ములు, లియో మోరిస్. ఇంకో కాపీ కోసం పొద్దున్నుంచీ వెతుకుతున్నాను.